పాత కంప్యూటరుకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్: నా అనుభవం

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తేదీకి నెల రోజుల ముందు మొదలుపెట్టిన పని, ఇది రాస్తున్న 2026 జనవరి మొదటి వారానికి చాలావరకు పూర్తయింది. విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడానికి పట్టిన సమయం అరగంటకు మించలేదు. మిగిలిన కాలమంతా దానికి ముందు తేల్చుకోవలసిన విషయాలకూ, ఆ తర్వాత నా సొంత ఫైళ్లను ఇవతలికి తెచ్చుకోవడానికీ సరిపోయింది. ఇదే పని తలపెట్టేవారికి, ముఖ్యంగా తెలుగులో చాలా ఏళ్లుగా టైపు చేసిన ఫైళ్లు ఉన్నవారికి ఉపయోగపడుతుందని జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

మాది విశాఖపట్నంలోని మర్రిపాలెం. కంప్యూటరు 2015 జనవరిలో కొన్నది. అంతకు ముందున్నది 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి వాననీటిలో నానిపోవడంతో, ద్వారకానగర్‌లో విడిభాగాలు ఎంచి ఇది కట్టించుకున్నాము. నాలుగో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, ఒక టెరాబైట్ హార్డ్ డిస్కు. విండోస్ 8.1తో వచ్చిన ఈ యంత్రం 2016లో, ఉచిత అప్‌గ్రేడు గడువు ముగియకముందే, విండోస్ 10కి మారింది. నేను తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. భీమిలి, పద్మనాభం, శృంగవరపుకోట, చోడవరం వైపు ఊళ్లలో సేకరించిన స్త్రీల పాటలను, అంటే పెళ్లిపాటలు, అప్పగింతల పాటలు, లాలిపాటలు, దంపుళ్ల పాటలను ఇరవై ఏళ్లుగా, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాములో అను అనే తెలుగు ఫాంట్లతో టైపు చేసి దాచుకుంటున్నాను. అవి నాలుగు వందలకు పైగా ఉంటాయి. ఇవి కాక అపార్టుమెంటు సంఘం లెక్కలు, ఫోటోలు, బ్యాంకు పని, కరెంటు బిల్లు. కంప్యూటరుతో మాకున్న అవసరం ఇంతే.

సెప్టెంబరు నెలలో స్క్రీను నిండా ఒక హెచ్చరిక రావడం మొదలైంది. మద్దతు ముగుస్తోందనీ, విండోస్ 11కి మారమనీ దాని సారాంశం. సెప్టెంబరు 18న మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రామును దించుకుని పరీక్షించాను. ప్రాసెసరు జాబితాలో లేదు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదు, సెక్యూర్ బూట్ అనే భద్రతా సదుపాయం లేదు అని మూడు ఎర్ర గుర్తులు పెట్టింది. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్లలో, కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే అర్హత. మాది నాలుగో తరం. ర్యామ్ 4 జీబీ చాలుననీ, డిస్కులో చోటు ఉందనీ రెండు పచ్చ గుర్తులు కూడా ఇచ్చింది కానీ వాటితో ఒరిగేదేమీ లేదు. నిన్నటిదాకా కుదురుగా పనిచేసిన వస్తువును ఎవరో వచ్చి పనికిరాదని చెప్పి వెళ్లినట్టనిపించి ఆ పూట మనసు బాగాలేకపోయింది. బెంగళూరులో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేస్తే, “అమ్మా, పదకొండేళ్లు వాడావు, ఇంకేం కావాలి? కొత్తది ఆర్డరు పెట్టేస్తాను” అన్నాడు. వద్దన్నాను. డబ్బు ఒక్కటే కారణం కాదు. కొత్త యంత్రం వచ్చినా, ఆ ఫాంటు లేని చోట అను ఫైళ్లు పిచ్చి గుర్తులుగా కనబడే సమస్య అలాగే ఉంటుందని నాకు అప్పటికే అర్థమైంది.

దసరా వెళ్లాక, అక్టోబరు 6న ద్వారకానగర్ వెళ్లాను. మొదటి దుకాణంలో మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మూడూ మార్చితే పద్దెనిమిది వేలకు పైన అవుతుందని కాగితం మీద రాసిచ్చారు. క్యాబినెట్, మానిటర్, కీబోర్డు పాతవే ఉంటాయి. రెండో దుకాణంలో ఎనిమిది వందలకే పాత యంత్రంలో విండోస్ 11 వేసిస్తామన్నారు. ఎలాగని అడిగితే, ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌ను తయారుచేసేటప్పుడే ఆ పరీక్షలు తీసివేయవచ్చని చెప్పారు. అది నిజమే, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాములో ఆ వెసులుబాటు ఉంది. అయితే అర్హత లేని యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. “అప్‌డేట్లు వస్తాయా బాబూ?” అని అడిగాను. “ఇప్పటికి వస్తన్నాయి మేడమ్, రేపటి సంగతి మనకేటి తెలుసు” అన్నాడు ఆ అబ్బాయి. అంత నిజాయితీగా చెప్పినందుకు నాకు అతడి మీద గౌరవం కలిగింది. భద్రతా అప్‌డేట్లు ఆగిపోతాయనే కదా ఈ మార్పంతా. అవే అనుమానంగా ఉన్న చోటికి మళ్లీ వెళ్లడం నాకు సమంజసంగా తోచలేదు. సాయంత్రం ఖాళీ చేతులతో బస్సెక్కాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అక్టోబరు 14 దాటినంత మాత్రాన కంప్యూటరు ఆగిపోదు. ఇళ్లలో వాడేవారికి మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు, భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకం ఒకటి ఉంది. ముప్పై డాలర్లు చెల్లించవచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులను వారి దగ్గర భద్రపరచుకోవడానికి ఒప్పుకుంటే ఉచితం. దుకాణాల్లో ఎవరూ నాకు ఈ సంగతి చెప్పలేదు, మా అబ్బాయే చెప్పాడు. దానికి విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2 ఉండాలి. మాది దానికి ముందుది. ఆ అప్‌డేటు రాత్రి తొమ్మిదింటికి మొదలై తెల్లవారాక కాఫీ వేళకు ముగిసింది. పాత హార్డ్ డిస్కు రాత్రంతా కరకరమంటూనే ఉంది. అదయ్యాక కూడా పథకంలో చేరే లింకు వెంటనే కనబడలేదు, రెండు రోజులు ఆగితే అప్‌డేట్ల పేజీలో ప్రత్యక్షమైంది. అక్టోబరు 11న చేరాను. చేరడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రోజు నుంచి తొందర తగ్గింది. ఎవరికైనా నేను మొదట చెప్పే మాట ఇదే: మిగతావన్నీ తర్వాత ఆలోచించుకోవచ్చు, ముందు ఈ ఏడాది గడువు తీసుకోండి.

గడువు దొరికింది కాబట్టి నింపాదిగా ఆలోచించి లినక్స్ మింట్‌ను ఎంచుకున్నాను. ఉచితం, పాత యంత్రాల మీద బరువు తక్కువ, సెప్టెంబరులో వచ్చిన 22.2 వెర్షన్‌కు 2029 వరకు అప్‌డేట్లు ఉంటాయి. మా అబ్బాయి ఆఫీసులో లినక్సే వాడతాడు కాబట్టి ఫోనులో అడగడానికి ఒక మనిషి ఉన్నాడన్న ధైర్యం కూడా ఉంది. ఆ ధైర్యం లేకపోతే నేను ఈ దారి పట్టేదాన్ని కాదేమో. విండోస్‌ను పూర్తిగా తీసివేయకుండా పాత డిస్కులో అలాగే ఉంచి, కొత్తగా ఒక ఎస్ఎస్‌డీ (కదిలే భాగాలు లేని, వేగమైన డిస్కు) కొని దానిలో మింట్ వేయాలన్నది ఆలోచన. నా దగ్గరున్న పేజ్‌మేకర్, అను రెండూ విండోస్‌లో నడిచేవి కదా.

అన్నిటికంటే ముందు ఫైళ్లకు నకలు తీయాలి. డిస్కు ఆరోగ్యం చూపించే ప్రోగ్రాము ఒకటి నడిపితే పసుపు రంగులో జాగ్రత్త అని వచ్చింది. డిస్కులో కొన్ని చోట్లు పాడయి, వాటి బదులు వేరే చోట్లు వాడుకుంటోందని దాని అర్థమట. గుండె ఝల్లుమంది. పాటలన్నిటికీ ఉన్న ఒకే ఒక్క కాపీ అందులోనే ఉంది. పాటలు పాడిన ముసలమ్మల్లో చాలామంది ఇప్పుడు లేరు, మళ్లీ వెళ్లి అడగడానికి వీలు లేదు. మర్నాడే ఒక టెరాబైట్ బయటి హార్డ్ డిస్కు 4,700 రూపాయలకు కొన్నాను. మొత్తం ఖర్చులో పెద్దది ఇదే, ఏమాత్రం బాధ కలిగించనిదీ ఇదే. నూట ముప్పై జీబీ నకలు తీయడానికి మధ్యాహ్నం భోజనాల వేళ నుంచి రాత్రి దాకా పట్టింది. ఫోటోలు పెద్దవైనా త్వరగానే వెళ్లాయి, చిన్న చిన్న ఫైళ్లు వేల సంఖ్యలో ఉన్న ఫోల్డర్లే జీడిపాకంలా సాగాయి. క్యాబినెట్ ముందున్న యూఎస్‌బీ రంధ్రం పాత రకం. వెనక వైపు నీలం రంగువి వేగంగా పనిచేస్తాయని సగం అయ్యాక తెలిసింది. పాటల ఫోల్డరును మాత్రం ఒక పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించి బీరువాలో పెట్టాను.

దీపావళికి ముందు శనివారం మింట్‌ను దించుకున్నాను. మూడు జీబీకి కొంచెం తక్కువ, మా ఇంటి ఇంటర్నెట్‌లో పదిహేను నిమిషాలు పట్టింది. దానిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటరు ఆన్ అవుతున్నప్పుడు ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే, డిస్కును తాకకుండానే మింట్ తెరుచుకుంటుంది. ఈ సదుపాయం నాకు చాలా నచ్చింది. ఏదీ చెడగొట్టకుండా ముందే పరీక్షించుకోవచ్చు. పాట వినబడింది, స్క్రీను సరిగా వచ్చింది, పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్నా విండోస్ కంటే చురుగ్గానే ఉంది. వైఫై మాత్రం రాలేదు. మేము డెస్క్‌టాప్ వెనక ఒక చిన్న వైఫై డాంగిల్ వాడుతున్నాము, మింట్ దానిని గుర్తించలేదు. మా అబ్బాయి చెప్పినట్టు సెల్‌ఫోనును ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటరుకు తగిలించి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే మరుక్షణం ఇంటర్నెట్ వచ్చింది. తర్వాత హాల్లోని రౌటర్ నుంచి నాలుగు వందల రూపాయల లాన్ కేబుల్ గోడ వెంబడి లాగించాను.

అక్టోబరు 24న విడిభాగాలు కొన్నాను. 240 జీబీ ఎస్ఎస్‌డీ 1,850, వాడిన 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటి 650. ఈ రకం ర్యామ్ కొత్తది దొరకడం కష్టమని, వాడినదాన్నే నెల రోజుల గ్యారంటీతో ఇచ్చారు. ఎస్ఎస్‌డీ పెట్టెలో డిస్కు తప్ప ఏమీ ఉండదు. కేబుల్, స్క్రూలు విడిగా కొనుక్కోవాలి, ఈ సంగతి అడిగితే గాని చెప్పరు. కేబుల్ వంద రూపాయలు. మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ కూడా మార్చమన్నాను, అది యాభై. కొన్ని నెలలుగా కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటరులో తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోయి, బ్యాంకు సైటు సురక్షితం కాదంటూ తెరుచుకునేది కాదు. ఆ జబ్బంతా ఈ బిళ్లదేనని అప్పుడు తెలిసింది. ఆదివారం ఇంటికి వచ్చి బిగిస్తామన్నారు, రాలేదు. సోమవారం నుంచి తుపాను వాన. 28వ తేదీ రాత్రి మొంథా తీరం దాటింది. మాకు ఆ సాయంత్రం పోయిన కరెంటు మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. హుద్‌హుద్ నాటి అనుభవంతో కంప్యూటరు వైర్లన్నీ పీకి, కిటికీకి దూరంగా మంచం మీద పెట్టి ప్లాస్టిక్ కవరు కప్పాము. మావారు దానిని చూసి, “చంటిపిల్లకు కూడా ఇంత సేవ చేయలేదు నువ్వు” అన్నారు.

చివరకు నవంబరు 1, శనివారం ఉదయం పదకొండింటికి దుకాణం నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. కొత్తవలస దగ్గర ఊరట. పక్క మూత తీయగానే ఫ్యాను రెక్కల మీద దుమ్ము దళసరిగా పేరుకుని ఉంది. పాత ర్యామ్ ముక్కను పీకి వెలుతురులో చూపించాడు. బంగారు రంగులో ఉండవలసిన పళ్ల మీద అక్కడక్కడ ఆకుపచ్చ మరకలు. “సముద్రం గాలండి, మన ఊర్లో అందరికీ ఇదే” అని జేబులోంచి పిల్లలు వాడే రబ్బరు తీసి నెమ్మదిగా రుద్దాడు. రెండు నిమిషాల్లో మెరిసింది. ప్రాసెసరు మీద ఎండిపోయిన పేస్టును తుడిచి కొత్తది రాశాడు. క్యాబినెట్‌లో ఎస్ఎస్‌డీకి తగిన అర లేదు, ఒక పక్క మాత్రమే స్క్రూలు పట్టాయి. కదిలే భాగాలు లేనిది కాబట్టి ఫరవాలేదన్నాడు. నేను మింట్ వేస్తానంటే ఆశ్చర్యపోయి, “ఏటి మేడమ్, లినక్సా? ఇళ్లల్లో ఎవులు వాడతారండీ అది?” అన్నాడు. చూస్తావా అంటే చూస్తానని కూర్చున్నాడు.

ఇన్‌స్టాల్ చేసే ముందు పాత హార్డ్ డిస్కు కేబుల్ పీకించాను. డిస్కును తుడిచివేసి ఇన్‌స్టాల్ చేయమంటావా అని అది అడిగినప్పుడు, తుడవడానికి ఎదురుగా కొత్తది ఒక్కటే ఉండాలని మా అబ్బాయి గట్టిగా చెప్పాడు. అందువల్ల ఆ ప్రశ్న దగ్గర చేయి వణకలేదు. భాష, కీబోర్డు, సమయ మండలంగా కోల్‌కతా, పేరు, పాస్‌వర్డు. అంతే అడిగింది. మింట్‌ను తెలుగులో కూడా పెట్టుకోవచ్చు కానీ, ఫోనులో మా అబ్బాయి చెప్పే పేర్లు స్క్రీను మీద కనబడాలి కాబట్టి ఇంగ్లీషే ఉంచాను. ఇరవై నిమిషాల్లో ముగిసింది. మొదటి అప్‌డేట్లకు మరో అరగంట. ఆ తర్వాత స్విచ్ నొక్కిన దగ్గర నుంచి బ్రౌజరు తెరుచుకునే దాకా నిమిషం లోపే. విండోస్‌లో ఇది ఆరేడు నిమిషాల పని, నేను స్విచ్ వేసి వంటింట్లోకి వెళ్లి వచ్చేదాన్ని. ఇందులో సగం ఘనత ఎస్ఎస్‌డీదే. విండోస్‌నే దాని మీద వేసుకున్నా వేగం బాగా పెరిగేదని ఆ కుర్రవాడు అన్నాడు, అది న్యాయమైన మాట. శ్రమకు ఐదు వందలు తీసుకుని, మింట్ పెన్‌డ్రైవ్‌ను కాపీ చేసుకుని మరీ వెళ్లాడు.

పాత డిస్కును మళ్లీ తగిలించాక రెండు వింతలు ఎదురయ్యాయి. మొదటిది, మింట్ నుంచి పాత డిస్కులోని ఫైళ్లు చూడగలను కానీ వాటిని మార్చనివ్వలేదు. విండోస్ 10 షట్‌డౌన్ చేసినా పూర్తిగా మూసుకోదట. తర్వాతిసారి త్వరగా లేవడానికి సగం నిద్రలో ఉంటుంది, ఆ స్థితిలో ఉన్న డిస్కును లినక్స్ తాకదు. విండోస్‌లోకి వెళ్లి పవర్ సెట్టింగులలో ఫాస్ట్ స్టార్టప్ తీసివేస్తే సరిపోయింది. రెండోది గడియారం. మింట్ వాడి విండోస్‌లోకి వెళితే సమయం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉంటోంది. కొత్త బ్యాటరీ కూడా పాడయిందేమో అనుకున్నాను. లినక్స్ యంత్రంలోని గడియారాన్ని గ్రీనిచ్ కాలానికి పెట్టి స్క్రీను మీద మన కాలం చూపిస్తుందనీ, విండోస్ ఆ గడియారాన్నే మన కాలంగా చదువుతుందనీ మా అబ్బాయి వివరించాడు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ అనే కిటికీలో ఒక్క వరుస ఆదేశంతో ఇద్దరికీ రాజీ కుదిరింది. ఇవి రెండూ చిన్నవే, కాని తెలియనప్పుడు మనిషిని రాత్రంతా కూర్చోబెట్టగలవు.

ఇక అసలు పని. తెలుగు టైపింగ్ కోసం ఐబస్ అనే ప్రోగ్రామును అమర్చుకుంటే తెలుగు కీబోర్డులు చాలా వస్తాయి. నా వేళ్లు అనులోని ఆపిల్ అనే కీబోర్డు అమరికకు అలవాటు పడినవి. ఆ జాబితాలో తెలుగు ఆపిల్ కనిపించగానే ప్రాణం లేచి వచ్చింది. అయినా అనులో కంటికి కనిపించే ముక్కలను పేర్చుతాం, ఇప్పుడు ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే యూనికోడు పద్ధతిలో అక్షరాన్ని పలికే క్రమంలో కొడతాం. వత్తుల దగ్గర వేళ్లు తడబడటం తగ్గడానికి కార్తీక పౌర్ణమి దాటి వారం పట్టింది. ఫాంట్లకు కొదవ లేదు. పోతన, వేమన ఫాంట్లు మింట్ సాఫ్ట్‌వేర్ భాండారంలోనే దొరికాయి. మండలి, రామభద్ర, గురజాడ, గిడుగు ఫాంట్లను గూగుల్ ఫాంట్ల నుంచి ఉచితంగా దించుకున్నాను. మన ఉత్తరాంధ్ర పాటలకు గురజాడ, గిడుగు పేర్లున్న అక్షరాలు అమరడం నాకు కొంత తృప్తిగా ఉంది, అయితే చదవడానికి మండలే హాయి.

అను ఫైళ్లలో ఉన్నది యూనికోడు తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చిన ఏర్పాటు అది. ఆ ఫాంటు లేని చోట ఏవో పిచ్చి గుర్తులు తప్ప ఏమీ కనబడదు. దీనిని యూనికోడులోకి మార్చే ఉచిత సాధనాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. నేను అనుసరించిన పద్ధతి ఇది: విండోస్‌లో పేజ్‌మేకర్ తెరిచి, పాట మొత్తాన్ని స్టోరీ ఎడిటర్‌లో ఎంచి, వట్టి టెక్స్ట్ ఫైలుగా ఎగుమతి చేయడం. తర్వాత మింట్‌లోకి వచ్చి ఆ ఫైలు తెరిచి, మార్చే సాధనంలో వేసి, వచ్చిన తెలుగును లిబ్రె ఆఫీసులో (వర్డ్, ఎక్సెల్ వంటి ఉచిత ప్రోగ్రాముల కట్ట) అతికించడం. మొదటి రోజు వచ్చినదంతా చెత్త. లిబ్రె ఆఫీసు టెక్స్ట్ ఫైలు తెరిచేటప్పుడు ఏ ఎన్‌కోడింగు, అంటే అక్షరాలకు ఏ సంకేతాల పట్టిక వాడాలి అని అడుగుతుంది, అక్కడ పశ్చిమ యూరప్ విండోస్ 1252 అని ఎంచుకోవాలి. లేకపోతే ముక్కలు సగం మాయమవుతాయి. అది తెలిశాక తెలుగు తెలుగులా వచ్చింది.

వచ్చింది గాని పరిశుభ్రంగా రాలేదు. స్త్రీల పాటలు అన్న శీర్షిక ప్రతి పేజీలోనూ ‘స్ర్తీల పాటలు’ అయింది. శాస్త్రం ‘శాస్ర్తం’ అయింది. అనులో రావత్తు ముక్కను కంటికి కనిపించే వరుసలో పెట్టడం వల్ల త, ర తారుమారయ్యాయి. ఇలాంటివి కొద్దిపాటి మాటలే కాబట్టి వెతికి మార్చే సదుపాయంతో ఒక్కసారిగా దిద్దగలిగాను. కష్టమంతా మ దగ్గర వచ్చింది. కొన్ని పాత ఫైళ్లలో వ ముక్కకు కొమ్ము కలిపి మ తయారయినట్టుంది, మార్చే సాధనం దానిని వు అని చదివింది. సమయం ‘సవుయం’ అయింది. అన్నిటినీ ఒక్క దెబ్బతో మ చేద్దామంటే, ఆవు ‘ఆమ’ అవుతుంది. పల్లె పాటల్లో ఆవులకు తక్కువేమీ లేదు. కనుక ఆ ఫైళ్లను వరుస వరుస చదివి దిద్దడం తప్ప వేరే దారి లేకపోయింది. పాటల మధ్య ఇంగ్లీషు అంకెల్లో వేసుకున్న తేదీలూ, పాడినవారి వయసూ కూడా అర్థంలేని తెలుగు అక్షరాలుగా మారాయి. వాటిని మాత్రం నా పాత నోటుపుస్తకాలు ముందు పెట్టుకుని మళ్లీ కొట్టాను. అక్షరదోషాలు చూపించే నిఘంటువు పెట్టుకుంటే పనికొస్తుందనుకున్నాను. ‘ఎల్లినాది’, ‘ఏటి’ వంటి మాటల కింద ఎర్ర గీతలు పెట్టి పేజీ అంతా ఎరుపు చేసింది, దానిని తీసేశాను.

రోజుకు రెండు గంటల చొప్పున నవంబరు, డిసెంబరు నెలలు ఈ దిద్దుబాటులోనే గడిచాయి. విసుగుతో మొదలైన పని, పోనుపోను వేరే రకంగా మారింది. ఇరవై ఏళ్ల కిందట హడావుడిగా టైపు చేసి మళ్లీ తిరిగి చూడని పాటలను ఇప్పుడు అక్షరం వదలకుండా చదువుతున్నాను. పద్మనాభం వైపు ఒకామె పాడిన అప్పగింతల పాటలో ఒక చరణం ఎగిరిపోయిందని నోటుపుస్తకంతో పోల్చినప్పుడు తెలిసింది. అది ఈ మార్పిడిలో పోయినది కాదు, మొదటి నుంచీ లేదు. మార్చిన పాటలు ఇప్పుడు సెల్‌ఫోనులోనూ తెరుచుకుంటాయి, ఒక మాట పెట్టి వెతికితే ఏయే పాటల్లో ఉందో చూపిస్తాయి. అను ఫైళ్లలో ఇది ఏనాడూ సాధ్యపడలేదు.

ప్రింటరు మాత్రం లొంగలేదు. పదేళ్ల నాటి చిన్న లేజర్ ప్రింటరు మాది. దానికి తయారీదారు ఇచ్చిన లినక్స్ డ్రైవరు చాలా పాతది. మా అబ్బాయి దూరం నుంచే మా స్క్రీను చూస్తూ ఒక ఆదివారం సాయంత్రమంతా ప్రయత్నించాడు. ఒకసారి సగం పేజీ వచ్చి ఆగింది, ఆ తర్వాత అదీ లేదు. స్కానర్ ఏ డ్రైవరూ అడగకుండానే పనిచేసింది, ఎందుకో నాకు తెలియదు. ఎక్కువ కాగితాలుంటే విండోస్‌లోకి వెళ్లి ముద్రించుకుంటున్నాను, ఒకటి రెండయితే పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వీధి చివర జెరాక్స్ షాపుకు పట్టుకెళుతున్నాను. పాత ప్రింటరు ఉన్నవారు సిస్టమ్ మార్చుకునే ముందే, పెన్‌డ్రైవ్ నుంచి మింట్ నడిపి చూసే దశలోనే, ఒక కాగితం ముద్రించి చూసుకోవడం మంచిది.

ఖర్చు విషయానికి వస్తే, ఎస్ఎస్‌డీ, ర్యామ్, బ్యాటరీ, కేబుల్, 350 రూపాయల పెన్‌డ్రైవ్, లాన్ కేబుల్, బిగింపు కూలి అన్నీ కలిపి 3,900 రూపాయలు అయింది. బయటి హార్డ్ డిస్కుతో కలిపితే 8,600. మావారు మొదట్లో మింట్‌ను ముట్టుకోనన్నారు. ఆయనకు కావలసింది బ్రౌజరూ, అపార్టుమెంటు లెక్కల షీటూ మాత్రమే. ఆ రెండింటి గుర్తులూ డెస్క్‌టాప్ మీద పాత చోటనే పెట్టాక, డిసెంబరు నెల మెయింటెనెన్సు లెక్క అందులోనే వేశారు. పాత ఎక్సెల్ ఫైలు లిబ్రె ఆఫీసులో మొత్తాలతో సహా సరిగానే తెరుచుకుంది, రెండు గడుల వెడల్పు మాత్రం సర్దవలసి వచ్చింది.

ప్రస్తుతం విండోస్‌ను నెలకోసారి, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు విడుదల చేసే రెండో మంగళవారం తర్వాత, లాన్ కేబుల్ తగిలించి అప్‌డేటు చేసి మళ్లీ తీసేస్తున్నాను. మిగతా రోజుల్లో పేజ్‌మేకర్ కోసం తెరిచినా ఇంటర్నెట్ ఇవ్వను. పెళ్లిపాటలు, లాలిపాటలు పూర్తయ్యాయి. దంపుళ్ల పాటలు, చోడవరం వైపు సేకరించినవి కొన్ని మిగిలాయి. సంక్రాంతికి పిల్లలు వచ్చి వెళ్లాక వాటిని మొదలుపెడతాను. ఈ ఏడాది అక్టోబరు 13లోగా అవి కూడా ఇటు వచ్చేస్తే, ఆ తర్వాత పాత డిస్కులోని విండోస్‌ను తెరిచే అవసరం ముద్రణకు తప్ప ఉండదు.